మట్టి బాటల మీద సైకిలు: బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి

ఈ నెల పాఠం సైకిలు గురించి. బజారుకు, ఆఫీసుకు తొక్కే సైకిలు కాదు, ఊళ్ల మధ్య మట్టి బాటల మీద, కంకర దారుల మీద పొద్దంతా తొక్కే సైకిలు. మన యౌవనస్థులు, వారితోపాటు నలభై, యాభై దాటిన పెద్దలు కొందరు, "సికింద్రాబాదు నుండి మెదకు దాకా పల్లె దారుల్లో వెళ్లాలనుకుంటున్నాం సిస్టర్, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని మమ్మల్ని అడుగుతున్నారు. వార్డులో నిలబడి రెండు మాటల్లో చెప్పే విషయం కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

ఇతర దేశాల్లో ఇది పెద్ద సరదాగా మారింది. ఇటలీలో టస్కనీ ద్రాక్ష కొండల మధ్య తెల్లని కంకర బాటల మీద పాతకాలపు సైకిళ్లతో సాగే 'ఎరోయికా' అనే యాత్ర 1997లో మొదలైంది. అమెరికాలోని కాన్సాస్ మైదానాల్లో 2006 నుండి ఇలాంటి పోటీ జరుగుతోంది. ఇందుకోసమే గ్రావెల్ బైక్ అనే సైకిలు వచ్చింది. దాని హ్యాండిల్ రేసు సైకిలు మాదిరి క్రిందికి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం వెడల్పుగా ఉంటాయి. అది కొనాలంటే చాలా ఖర్చు. టైర్లు, బ్రేకులు బాగుంటే గేర్ల సైకిలు ఏదైనా సరిపోతుందని మా అభిప్రాయం.

మనవైపు కూడా అలాంటి దారులకు లోటు లేదు. అల్వాల్, బొల్లారం దాటి మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు వెళితే ఎర్ర చెలకలు, నల్లరాతి గుట్టలు, చెరువు కట్టలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ పరిసరాల్లో ద్రాక్ష పందిళ్లు విరివిగా ఉండేవి. అనాబ్-ఎ-షాహీ రకం హైదరాబాదుకు పేరు తెచ్చిన ద్రాక్ష. ఇప్పుడు చాలా తోటలు ప్లాట్లయిపోయాయి, అక్కడక్కడ కొన్ని మిగిలాయి. తూప్రాన్ పరిసరాల్లో హల్దీ వాగు, ఇంకా ముందుకు పోతే మంజీరా వస్తాయి. మెదకు దగ్గర ఏడుపాయల వద్ద మంజీరా ఏడు పాయలుగా చీలి ప్రవహిస్తుంది. 1895లో సికింద్రాబాదు వచ్చి తిరుమలగిరిలో సైనికుల మధ్య సేవ మొదలుపెట్టిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ తరువాత మెదకు చేరారు. ఆయన కట్టించిన మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. ఆ రోజుల్లో ఈ దూరం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. నేటికీ సుమారు 100 కిలోమీటర్లు. అలవాటు లేనివారు ఒక్క రోజులో అంత దూరం తొక్కాలనుకోవద్దు. మొదట శామీర్‌పేట చెరువు దాకా వెళ్లిరండి. రెండు మూడు నెలలు వారం వారం దూరం పెంచుకుంటూ పోయిన తరువాతే మెదకు మాట.

తారు రోడ్డుకూ మట్టి బాటకూ అసలు తేడా గతుకులు కాదు. తారు రోడ్డు మీద కళ్లు తిరిగితే పక్కనే దుకాణం ఉంటుంది, ఆటో దొరుకుతుంది. పొలాల మధ్య ఇవేవీ ఉండవు. 108 అంబులెన్సు మన రాష్ట్రానికి 2005 ఆగస్టు 15న వచ్చింది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ "ఎక్కడున్నారు?" అని వారు అడిగితే "ఏదో చెరువు పక్కన" అంటే ఎలా వస్తారు? అందుకే దాటివచ్చిన ప్రతి ఊరి పేరు గుర్తుపెట్టుకోండి. ఒంటరిగా వెళ్లవద్దు. కనీసం ముగ్గురు ఉంటే ఒకరు రోగి దగ్గర ఉండి, మరొకరు సహాయానికి పోవచ్చు.

ఇలాంటి వారిని క్యాజువాల్టీకి తెచ్చినప్పుడు తోడు వచ్చినవారు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: "బాగానే ఉన్నాడు సిస్టర్, ఉన్నట్టుండి ఏదేదో మాట్లాడాడు." నిజానికి ఉన్నట్టుండి ఏమీ జరగదు. అంతకు అరగంట ముందే అతను చిరాకు పడి ఉంటాడు, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పి ఉంటాడు, సైకిలు తిన్నగా నడపలేక పోయి ఉంటాడు. తోటివారు అలసట అనుకుంటారు, లేదా హాస్యం చేస్తారు. ఈ పాఠంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి: తోటివారి మాట తేడాగా ఉంటే అక్కడే ఆగాలి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనకూడదు.

మాట తడబడటానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే మెదడు పని తప్పుతుంది. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. కష్టపడి తొక్కుతున్నవారికి చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు. ఒళ్లు కాలిపోతూ, మతి తప్పినట్టుంటే ముందు చల్లబరచాలి, తరువాత తరలించాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, తువ్వాలుతో విసరాలి. పొలంలో బోరు మోటారు నడుస్తుంటే ఆ ధార క్రిందనే కూర్చోబెట్టండి, తల మాత్రం పైకి పట్టుకోండి. ఆ పది నిమిషాల చల్లదనం ఆసుపత్రిలో మేము తరువాత చేసేదానికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. పారాసిటమాల్ మాత్ర ఈ వేడికి పనిచేయదు.

రెండవ కారణం రక్తంలో చక్కెర పడిపోవడం. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి ఇది తప్పకుండా తెలియాలి. చెమటలు, వణుకు, ఆకలి, ఆ తరువాత తికమక. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. కోలుకున్నాక రొట్టె, అరటిపండు ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. వడదెబ్బా, చక్కెర తగ్గుదలా అని తేల్చుకోలేకపోతే, మింగగలిగినవారికి చక్కెర నీళ్లు ఇస్తూనే చల్లబరచండి. రెండూ కలిపి చేసినందువలన నష్టం లేదు.

మధుమేహం ఉన్నవారు బయలుదేరే ముందు పరీక్ష చేసుకోవాలి. 100 కన్నా తక్కువ ఉంటే తిని వెళ్లాలి. ఆ ఉదయం ఇన్సులిన్ తొడకు కాకుండా పొట్టకు చేసుకోండి. తొక్కుతున్న కాలికి చేస్తే మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరుగారు చెప్పాలి, మీరు నిర్ణయించుకోవద్దు. పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఆగిన ప్రతిచోటా బూటు విప్పి దులపాలి. ఒక చిన్న కంకర రాయి సాయంత్రానికి పుండు చేస్తుంది. గుండె జబ్బు, బి.పి. ఉన్నవారు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వేసుకునేవారు, మార్చి నుండి జూన్ వరకు ఇలాంటి ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది. మిగతావారు కూడా ఎండాకాలంలో తొమ్మిది గంటలకల్లా నీడకు చేరాలి.

నీళ్లు గంటకు అర లీటరుకు తక్కువ కాకుండా త్రాగండి, చెమట ఎక్కువైతే ఇంకొంచెం. అయితే ఉప్పు లేకుండా ఒట్టి నీళ్లే గంటల తరబడి అతిగా త్రాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం తగ్గి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా సమతలంగా కొలిచి కలుపుకోవచ్చు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ అంతకన్నా రుచి.

అక్కాచెల్లెళ్లకు ఒక మాట. దారిలో మరుగుదొడ్డి ఉండదని ఉదయం నుండి నీళ్లు మానేసి వచ్చేవారిని మేము చాలామందిని చూస్తున్నాము. ఒకవైపు వడదెబ్బకు, మరొకవైపు మూత్రంలో ఇన్ఫెక్షనుకు ఇదే కారణం. గుంపులో మరో స్త్రీని తోడు తీసుకోండి, ఏ ఊళ్లో ఆగాలో ముందే అనుకోండి. ప్యాడ్ ఉన్న సైకిలు నిక్కరు క్రింద లోదుస్తులు వద్దు, కుట్లు ఒరుసుకుంటాయి. ఇది మగవారికి కూడా వర్తిస్తుంది.

సీటు ఎత్తు విషయంలో చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. పెడల్ పూర్తిగా క్రింద ఉన్నప్పుడు మడమ దానిమీద పెడితే కాలు నిటారుగా రావాలి. సీటు తక్కువైతే మోకాలి ముందు, ఎక్కువైతే మోకాలి వెనుక నొప్పి వస్తుంది. గతుకుల్లో హ్యాండిల్ బిగబట్టి పట్టుకుంటే చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతాయి. అరచేతి మూలన ఉన్న నరం నలుగుతున్నదని దాని అర్థం. చేతులు తరచుగా మార్చండి, మోచేతులు కొంచెం వంచండి, టైర్లలో గాలి మరీ బిగువుగా వద్దు. రోజులు గడిచినా మొద్దుబారడం తగ్గకపోతే ఓపీకి రండి.

ద్రాక్ష తోటల దగ్గర ఇంకొక జాగ్రత్త. తోటల్లో బూజు తెగుళ్లకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొడతారు. (ఆ మందు పేరు కూడా ఫ్రాన్సులోని ద్రాక్ష ప్రాంతానిదే.) దానితోపాటు పురుగుమందులూ ఉంటాయి. పందిరి క్రింద నీడ చల్లగా ఉందని మందు కొడుతున్నప్పుడు ఆగవద్దు. రైతు ప్రేమతో గుత్తి ఇచ్చినా బాగా కడిగే తినాలి. మందు కలిపిన డ్రమ్ము దగ్గర సీసా నింపవద్దు, అది ఖాళీగా కనిపించినా సరే.

పడి చర్మం గీసుకుపోతే మంచి నీళ్లు, సబ్బుతో కంకర పోయేదాకా కడగాలి. చెరువు నీళ్లు వద్దు. నగరం దాటిన తరువాతి మూసీ నీళ్లయితే అసలే వద్దు. లోతైన మురికి గాయానికి, ధనుర్వాతం సూది వేయించుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. పల్లె కుక్కలు సైకిలు వెంట పడతాయి. కరిస్తే పదిహేను నిమిషాలు ధార క్రింద సబ్బుతో కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం పెట్టడం ఇంకా జరుగుతోంది. చదువుకున్నవారు కూడా చేస్తున్నారు. వానాకాలంలో వాగు వంతెన మీద నీరు పారుతుంటే సైకిలు నెట్టుకుంటూ దాటవద్దు, తగ్గేదాకా ఆగండి.

ఇంటికి వచ్చాక మూత్రం రంగు చూసుకోండి. ముదురు పసుపు అయితే ఇంకా నీళ్లు కావాలి. కోలా రంగులో ఉండి కండరాలు విపరీతంగా నొప్పి పెడితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి, మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉంది. మధుమేహులకు ప్రయాణం ముగిసిన చాలా గంటల తరువాత, నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. ఆ రాత్రి భోజనం మానకుండా, పడుకోబోయే ముందు ఒకసారి పరీక్ష చేసుకుని, మంచం పక్కన చక్కెర పెట్టుకుని, ఇంట్లోవారికి ఆ సంగతి చెప్పి పడుకోండి.