గోదావరి యొడ్డున ఇద్దఱు శిష్యులు

"కోటి విద్యలు కూటికొఱకే" యని తెలుగువారి సామెత. ఈ మాటయందు సత్యము లేకపోలేదు. ఆకలిగొన్నవానికి పాట రుచింపదు. పటము కంటికి ఆనదు. అయినను మానవుడు కూటికొఱకు మాత్రమే విద్య నేర్చినవాడు కాడు. అజంతా కొండను తొలిచినవారు ఆ గుహలలో తలదాచుకొని యూరకుండలేదు. గోడలనిండ బొమ్మలు వ్రాసిరి. కడుపు నిండుట యొక యవసరము. మనసు నిండుట మఱియొక యవసరము.

పాఠశాల చదువు ముగించి కళాశాల గడప త్రొక్కబోవు విద్యార్థికి ఈ రెండవసరములును ఒక్కమారే యెదురగును. అంతవరకు వాడు ఇంటిలో అన్నము తిని, బడిలో పాఠము చదివి, తీరిక దొరకినప్పుడు బొమ్మ వేసికొనియో, పద్యము కట్టుకొనియో, వేణువు ఊదుకొనియో సుఖముగా నుండెను. ఇప్పుడో, "నాయనా! ఏమి చదువుదువు?" అని తండ్రి యడుగును. "ఆ చదువువలన నే యుద్యోగము వచ్చునురా?" అని మేనమామ యడుగును. "బొమ్మలు కట్టిపెట్టి లెక్కలు చూచుకొమ్మనుడు" అని పొరుగువారు సలహా నిత్తురు. వెళ్లబోవు ఊరు క్రొత్త, గురువులు క్రొత్త, తోడివారు క్రొత్త. ఇష్టమైన విద్యను పట్టుకొన్నచో ఇంటివారికి భారమగుదునేమో యని యొక భయము. దానిని విడిచినచో జీవితాంతము వెలితిగా నుండునేమో యని మఱియొక భయము. ఈ రెండు భయములనడుమ వానికి రాత్రులు నిద్రపట్టదు.

ఈ భయము నేడు పుట్టినది కాదు. నూఱేండ్లకు పూర్వము రాజమహేంద్రవరమున గోదావరి యొడ్డున తిరిగిన యిద్దఱు యువకుల ముందును ఈ ప్రశ్నయే నిలిచెను. ఇద్దఱును ఒకే గురువునకు శిష్యులు. ఇద్దఱును చిత్రకళాభిమానులు. అయినను వారు నడచిన త్రోవలు వేఱు. వారిలో నొకడు దామెర్ల రామారావు. రెండవవాడు అడవి బాపిరాజు.

ఆనాటి చదువుల తీరును ముందుగా తెలిసికొనవలెను. అప్పటికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టలేదు. అది 1926లో నేర్పడినది. తెలుగునాటి కళాశాలలు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు లోబడి యుండెను. పాఠములు ఆంగ్లమున జరుగుచుండెను. పట్టము చేతికి వచ్చినచో సర్కారు కచేరీలో గుమాస్తాగిరి, కోర్టులో వకీలు వృత్తి, లేక బడిలో పంతులు పని దొరకునని తల్లిదండ్రుల యాశ. పొలము తాకట్టుపెట్టి పిల్లవానిని చదివించువారు ఆ యాశపడుటలో తప్పు లేదు. కాని ఆ చదువులో చిత్రలేఖనమునకు గౌరవస్థానము లేదు. బొమ్మలు వేయుట తీరికవేళల వినోదమని లోకము తలచుచుండెను.

అట్టి కాలమున రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా నుండెను. ఆయన కవి, చిత్రకారుడు. అజంతా చిత్రములన్నను, తెలుగుపల్లెల జీవితమన్నను ఆయనకు మిక్కిలి మక్కువ. స్వదేశమునకు మరలిన పిమ్మట, 1924లో, తన దక్షిణదేశపు అనుభవములను ఒక గ్రంథముగా ప్రకటించెను. పరీక్షలలో వచ్చు మార్కులతోనే విద్యార్థిని తూచు స్వభావము ఆయనది కాదు. బొమ్మ వేయగల చేయి, పాట కట్టగల నోరు ఎవరికున్నను వారిని చేరదీసి, గోదావరి గట్టువెంట త్రిప్పుచు, చెట్టును, పడవను, నీటిమీది వెలుగును తేరిపాఱ జూచుట నేర్పెను. "చూడనేర్చినవాడే వ్రాయనేర్చును" అన్నట్లుండెడిది ఆయన బోధన. రామారావు, బాపిరాజు, కవికొండల వెంకటరావు మొదలగువారు ఆయన యాదరమున పెరిగినవారే.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. చిన్ననాటనుండియు అతని మనసు పుస్తకములకంటె బొమ్మలమీదనే నిలిచెడిది. అతని చేతిలోని శక్తిని కూల్డ్రే గుర్తించెను. ఈ బాలుడు అందఱివలె పట్టపరీక్షకు చదివినచో లోకమునకు మఱియొక గుమాస్తా లభించును. చిత్రకళను శాస్త్రీయముగా అభ్యసించినచో ఆంధ్రదేశమునకు ఒక చిత్రకారుడు లభించును. గురువు రెండవదానినే కోరెను. ఆయన ప్రోత్సాహమున రామారావు 1916లో బొంబాయికి పోయి, అచటి జె.జె. కళాశాలలో ప్రవేశించెను. 1857లో స్థాపితమైన ఆ విద్యాలయము దేశమందలి చిత్రకళావిద్యాలయములలో పేరెన్నికగన్నది.

అప్పటికి రామారావు వయస్సు పందొమ్మిదేండ్లు. పుట్టిన యూరు ఎక్కడ? బొంబాయి ఎక్కడ? వీథిలో తెలుగు వినరాదు. చదువు ముగిసిన పిదప జీతమిచ్చు కొలువు సిద్ధముగా నుండునన్న నమ్మకమును లేదు. చిత్రకారుడై జీవించుట యెట్లో చూపుటకు ఆనాటి ఆంధ్రదేశమున మేలుబంతులును అరుదు. అయినను అతడు వెనుదీయలేదు. మానవశరీరపు కొలతలు, వెలుగునీడల నియమములు, వర్ణముల మేళవింపు మొదలగువానిని శ్రద్ధగా నభ్యసించి, 1920 నాటికి విద్య ముగించెను. పిమ్మట దేశమున పలుచోట్ల తిరిగి, అచటి మనుష్యులను, దృశ్యములను చిత్రించెను. ఋష్యశృంగుని కథ నితివృత్తముగా గొని వ్రాసిన చిత్రమునకు కలకత్తా ప్రదర్శనమున బహుమానము లభించెను. పుష్పాలంకరణము, కార్తీకపౌర్ణమి, సిద్ధార్థరాగోదయము మొదలగునవి అతని ప్రసిద్ధచిత్రములు. వానిలో తెలుగింటి స్త్రీల నడకయు, కట్టును, పండుగల శోభయు నిండియున్నవి.

కీర్తి వచ్చినదని అతడు మహానగరములలో నిలిచిపోలేదు. స్వస్థలమునకు మరలివచ్చి, అచట చిత్రకళాశాలను నెలకొల్పి, తాను నేర్చినదానిని ఇతరులకు నేర్పదొడగెను. ఇంతలో మశూచి వ్యాధి సోకి, 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన పరమపదించెను. అప్పటికి అతనికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. బొంబాయి చదువు ముగిసిన పిదప అతనికి దొరకిన కాలము అయిదేండ్లకంటె తక్కువ. "ముందు స్థిరమైన యుద్యోగము సంపాదించి, నలుబదియేండ్ల పిదప తీరికగా బొమ్మలు వేసికొందును" అని అతడు తలచియుండినచో, నేడు రాజమహేంద్రవరమున అతని పేర వెలసిన చిత్రశాల గోడలమీద చూడదగినది ఏమియు నుండెడిది కాదు.

ఇక బాపిరాజు కథ వేఱు. ఆయన 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన, నేటి పశ్చిమగోదావరి మండలమందలి భీమవరము ప్రాంతమున జన్మించెను. రాజమహేంద్రవర కళాశాలలో చదువుచు కూల్డ్రేకు ప్రియశిష్యుడయ్యెను. అతనికి బొమ్మలు మాత్రమే కాదు, పాటలును కథలును కూడ ప్రాణమే. కాని అతడు పట్టపరీక్షను విడువలేదు. గాంధీమహాత్ముని పిలుపుతో సహాయనిరాకరణోద్యమము సాగినప్పుడు అందు చేరి, 1922లో కారాగారవాసమనుభవించెను. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో, వంగదేశమునుండి వచ్చిన ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని యొద్ద చిత్రకళ నభ్యసించెను. మఱల చెన్నపురి కేగి న్యాయశాస్త్రము చదివి బి.ఎల్. పట్టము నందెను. భీమవరమున కొంతకాలము న్యాయవాదిగా పనిచేసెను.

ఇది చూచినవారు "ఈతడు రెండు పడవలలో కాళ్లు పెట్టినాడు" అని యనుకొనవచ్చును. కాని జరిగినదేమి? కోర్టుపనుల కాలమున కూడ అతని కలము, కుంచె ఎండిపోలేదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలలకు బహుమానము ప్రకటింపగా, విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' నవలతోపాటు బాపిరాజుగారి 'నారాయణరావు' నవలయు ఆ బహుమానమును పంచుకొనెను. ఆ నవలలోని నాయకుడు న్యాయశాస్త్రము చదివిన యువకుడు. బ్రదుకుతెరువునకై రచయిత చదివిన చదువే అతని కథకు ఉపకరణమైనది.

పిదప బాపిరాజు ఏ యొక్క కొలువునను స్థిరముగా నుండలేదు. 1939 వఱకు కొన్నేండ్లు, తాను బొమ్మలు నేర్చిన ఆంధ్ర జాతీయ కళాశాలకే ప్రధానాచార్యుడుగా నుండెను. 'సతీ అనసూయ' మొదలగు చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించెను. కొన్నేండ్లు హైదరాబాదున 'మీజాన్' పత్రికకు సంపాదకుడుగా పనిచేసెను. ఈ పనులనడుమనే హిమబిందు, గోనగన్నారెడ్డి వంటి చారిత్రకనవలలును, కోనంగి వంటి సాంఘికనవలయు, శశికళ గీతములును వెలువడినవి. ఊరు మారినను, కొలువు మారినను, అతని చేతిలోని విద్య మారలేదు. 1952వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఏబదియేడవ యేట, ఆయన స్వర్గస్థుడయ్యెను.

ఈ యిద్దఱిలో ఎవరిది సరియైన త్రోవ? ఈ ప్రశ్నకు తొందరపడి ఉత్తరము చెప్పరాదు. రామారావు తన కాలమునంతయు ఒక్క విద్యకే యిచ్చెను. అందువలన కొలది యేండ్లలోనే అతని చిత్రములకు పరిపక్వత కలిగెను. కాని అట్టి త్రోవ నడచుటకు ధైర్యము మాత్రమే చాలదు; శక్తిని గుర్తించు గురువును, కొంతకాలము ఓర్చుకొనగల ఇల్లును ఉండవలెను. బాపిరాజు తన కాలమును పంచుకొనెను. అందువలన అతని యనుభవము విస్తరించెను. కాని పలుపనుల యలసటను అతడు భరింపవలసివచ్చెను. ఒకనికి కాలము కొఱత. మఱియొకనికి తీరిక కొఱత. వెల చెల్లింపకుండ ఏ త్రోవయు దొరకదు. ఏ వెలను తాను చెల్లింపగలడో తెలిసికొనుటయే విద్యార్థి మొదట చేయవలసిన పని.

ఇద్దఱికిని సామాన్యముగా నున్న గుణములు మూడు. మొదటిది, ఇద్దఱును గురువు నాశ్రయించిరి. వరముగా వచ్చిన నేర్పు చాలునని యూరకుండలేదు. రెండవది, ఇద్దఱును నేర్చుకొనదలచినదానిని తుదముట్ట నేర్చిరి. బొంబాయి చదువును రామారావు నడుమ విడిచిపెట్టలేదు. న్యాయశాస్త్రపు పరీక్షను బాపిరాజు తప్పించుకొనలేదు. మూడవది, ఇద్దఱును తమ విద్యను ఇతరులకు నేర్పిరి. రామారావు మరణించినను అతని పాఠశాల మూతపడలేదు. అతని మిత్రుడు వరదా వెంకటరత్నము దానిని నడపెను.

నేడు కాలము మారినది. చిత్రకళకు, శిల్పమునకు, సంగీతమునకు విశ్వవిద్యాలయములలో ప్రత్యేకశాఖలు కలవు. వాస్తుశిల్పమునకును లలితకళలకును హైదరాబాదున 2008లో ఒక విశ్వవిద్యాలయమే యేర్పడినది. బొమ్మ వేయగలవానికి పుస్తకముద్రణమునందును, వస్త్రముల రూపకల్పనయందును, చలనచిత్రములయందును పని దొరకుచున్నది. అయినను భయము పోలేదు. త్రోవలు తక్కువైనప్పుడు త్రోవ లేదని భయము. త్రోవలు పెరిగినప్పుడు ఏది యెన్నుకొనవలెనో యని భయము.

ఇట్టి భయము కలిగిన విద్యార్థి సిగ్గుపడనక్కఱలేదు. భయము లేనివాడు ఆలోచింపనివాడైనను కావచ్చును. ఆ భయమును లోలోపల దాచుకొనక, తల్లిదండ్రులతోను గురువులతోను చెప్పుకొనుట మేలు. తండ్రి "ఉద్యోగమెట్లు?" అని యడిగినచో, అది కళమీది ద్వేషము కాదు, తాను లేనినాడు బిడ్డ యేమగునో యను చింత. ఆ చింతకు కోపముతో గాక పనితో బదులు చెప్పవలెను. తాను వేసిన బొమ్మలను, వ్రాసిన రచనలను ముందుంచి, "ఈ యేడాది ఇంత నేర్చితిని" అని చూపగలిగిన బిడ్డ మాట ఇంటిలో చెల్లును. ఇంటికి తన సంపాదనయే యాధారమైనచో, బ్రదుకుతెరువు చదువునే ముందుగా చేపట్టుట ఓటమి కాదు, అది ధర్మము. కాని దినమున ఒక్క గడియయైనను తన యిష్టవిద్యకు కేటాయించి, ఆ గడియను దేనికిని ధారపోయకుండ కాపాడుకొనవలెను.

గోదావరి మీద పోవు పడవకు తెరచాపయు కలదు, తెడ్డును కలదు. గాలి అనుకూలించినప్పుడు సరంగు తెరచాప నెత్తును. గాలి పడిపోయినప్పుడు తెడ్డు వేయును. ఏది పట్టినను అతని చూపు ఆవలి యొడ్డుమీదనే యుండును. ఆ యొడ్డున ఒకనాడు బొమ్మలు వేసికొన్న యిద్దఱు శిష్యులును అట్లే తమ తమ రేవులకు చేరిరి.

ప్రశ్నలు

1. కళాశాలలో చేరబోవు విద్యార్థికి కలుగు రెండు భయములేవి?
2. కూల్డ్రే తన శిష్యులకు నేర్పిన విద్య యెట్టిది?
3. రామారావు ఉద్యోగము కొఱకు వేచియుండినచో ఏమి జరిగియుండెడిది?
4. "వెల చెల్లింపకుండ ఏ త్రోవయు దొరకదు." ఈ వాక్యమును రామారావు, బాపిరాజుల జీవితములతో సమన్వయింపుము.
5. నీకిష్టమైన విద్యనుగూర్చి నీ తండ్రికి ఒక లేఖ వ్రాయుము.