చాకు కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి

ప్రశ్న: సుల్తాన్ బజార్‌లో వంటింటి చాకు అడిగితే స్టెయిన్‌లెస్ స్టీల్, కార్బన్ స్టీల్, సిరామిక్ మూడూ చూపించారు. ఏది తీసుకోవాలి?
– ఒక గృహిణి, కాచిగూడ

జవాబు: రోజువారీ కూరగాయలకు స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోండమ్మా. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది కాబట్టి అంత తొందరగా తుప్పు పట్టదు. అయితే గిన్నెల స్టీలు వేరు, చాకు స్టీలు వేరు. వెంట చిన్న అయస్కాంతం తీసుకెళ్లి బ్లేడుకి ఆనించండి. అంటుకోకపోతే అది సాధారణంగా గిన్నెల రకమే, పదును నిలవదు.

కార్బన్ స్టీల్ సానరాయి మీద నాలుగు రాపిడులకే పదునెక్కుతుంది. ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లిన మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కూడా కార్బన్ ఎక్కువున్నదే. కాకపోతే చింతపండు, మామిడికాయ, నిమ్మ తగిలితే నల్లబడుతుంది. కడగగానే తుడిచి, చుక్క నూనె రాయాలి. ఆ ఓపిక ఉంటే నిశ్చింతగా కొనండి.

సిరామిక్ చాకు పండ్లకు, టమాటాలకు బాగుంటుంది. కొబ్బరి, ఎముకల జోలికి వెళితే మాత్రం అంచు పెచ్చులూడుతుంది. దానికి మామూలు సానరాయి పనికిరాదు, వజ్రపు పొడి అద్దిన సాన కావాలి.

ఏది కొన్నా చెక్కపలక మీదే తరగండి. గ్రానైట్ గట్టు మీద తరిగితే ఎంత మంచి చాకైనా మొద్దుబారిపోతుంది.