ప్రకటన రుసుము ఎంతవరకు గిట్టుబాటు?
ఆన్‌లైన్ అమ్మకందారులకు ఒక లెక్క

(మా వాణిజ్య విలేఖరి)

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే వర్తకులకు కమిషన్, రవాణా, ప్యాకింగ్ ఖర్చులకు తోడు ఇప్పుడు ప్రకటన రుసుము కూడా వచ్చి చేరింది. కొనేవారు ఫోనులో మిర్చి పొడి అని వెదికితే వందలకొద్దీ ప్యాకెట్లు కనబడతాయి. పై వరుసలలో ఉన్న వాటిలో పెక్కింటి పక్కన “స్పాన్సర్డ్” అని చిన్న అక్షరాలు ఉంటాయి. ఆ చోటు కోసం అమ్మకందారు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, ఈబే వంటి సంస్థలకు విడిగా రుసుము చెల్లిస్తాడన్న మాట.

ఈ రుసుము ఎంతవరకు ఇవ్వవచ్చునన్నది చాలామంది ఉజ్జాయింపుగా నిర్ణయిస్తున్నారు. పోటీవారు ఎంత ఇస్తే అంత ఇవ్వడం కొందరి పద్ధతి. సంస్థ సూచించిన రేటును ఒప్పుకోవడం మరికొందరి పద్ధతి. ఈ రెండింటిలో ఏదీ అమ్మకందారు సొంత లాభాన్ని చూసి కట్టిన రేటు కాదు. సంస్థ ఇచ్చే నివేదికలో లాభంగా కనబడిన ప్రకటన, చిట్టా వేసి చూస్తే నష్టం తెచ్చినదిగా తేలడానికి అవకాశం ఉన్నది. అది ఎట్లాగో దిగువ వివరిస్తున్నాము.

రుసుము రెండు రకాలు

మొదటి రకం అమ్మకం మీద శాతం. ఈబేలో సాధారణ ప్రమోటెడ్ లిస్టింగు ఈ కోవలోనిది. సరుకు అమ్ముడుపోతేనే రుసుము పడుతుంది. అయితే వస్తువు ధర మీదనే కాక రవాణా, పన్నులు కలిసిన మొత్తం మీద శాతం కడతారు. ఈబే పేరున భారతదేశంలో నడిచిన దేశీయ అంగడి 2018లో మూతపడింది. కనుక ఇక్కడివారు దాని ద్వారా చేసేది ఎగుమతి వ్యాపారమే. విదేశాలకు రవాణా ఖర్చు హెచ్చు కాబట్టి ఈ తేడా వారికి చిన్నది కాదు.

రెండవ రకం క్లిక్కు రుసుము. అమెజాన్‌లో స్పాన్సర్డ్ ప్రొడక్ట్స్ పద్ధతి ఇది. చూసేవారు ప్రకటనను నొక్కితే చాలు, కొన్నా కొనకున్నా రుసుము పడుతుంది. దాని రేటు వేలంలో తేలుతుంది. యార్డులో సరుకు కోసం కొనేవారు పోటీ పడతారు. ఇక్కడ చోటు కోసం అమ్మేవారే పోటీ పడతారు.

ముందు ప్యాకెట్టు లాభం తేల్చాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. గుంటూరు వర్తకుడొకరు తేజ రకం మిర్చిని పొడి పట్టించి, అర కిలో ప్యాకెట్టు రు.210కి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడనుకుందాం. అందులో 5 శాతం జీఎస్టీ రు.10 పోగా చేతికి వచ్చేది రు.200. దీనిలో ఖర్చులు ఇట్లా ఉంటాయనుకుందాం.

మిర్చి, తొడిమ తీత, పట్టింపు: రు.95
కవరు, అట్టపెట్టె: రు.10
సంస్థ కమిషన్, ఇతర రుసుములు: రు.24
రవాణా: రు.36
తిరిగివచ్చిన సరుకు, పాడైన సరుకు కింద: రు.5
మొత్తం ఖర్చు: రు.170
మిగులు: రు.30

సంస్థ పట్టుకునే జీఎస్టీ టీసీఎస్ 0.5 శాతం, ఆదాయపు పన్ను టీడీఎస్ 0.1 శాతం ఖర్చు కింద రాయరాదు. 2024లో తగ్గించిన ఈ రేట్ల ప్రకారం పట్టిన సొమ్ము తరువాత వర్తకుని పన్ను ఖాతాలో సర్దుబాటు అవుతుంది. ప్రకటన రుసుము మీద పడే 18 శాతం జీఎస్టీ సంగతి వేరు. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవారికి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి రాదు. వారు రు.100 ప్రకటనను రు.118గానే లెక్క వేసుకోవాలి.

ఈ రు.30లో నుంచే గోడౌను అద్దె, జీతాలు, వడ్డీ గడవాలి. కనుక ఇక ముందు చెప్పబోయే రేట్లు దాటరాని హద్దులే తప్ప ఇవ్వదగిన రేట్లు కావని గ్రహించాలి.

ప్రకటన లేకున్నా వచ్చే బేరం

రు.210కి రు.30 మిగులు అంటే నూటికి 14 పైచిలుకు. కాబట్టి 10 శాతం ప్రకటన రుసుము ఇచ్చినా 4 శాతం మిగులుతుందని వర్తకుడు అనుకుంటాడు. ఇక్కడే పొరపాటు జరుగుతున్నది.

ఈ వర్తకుడు నెలకు 300 ప్యాకెట్లు అమ్మాడు. వాటిలో 200 ప్రకటన ద్వారా వచ్చినవని నివేదిక చెబుతున్నది. ఒక్కొక్క దానికి రు.21 చొప్పున రుసుము రు.4,200 అయింది. ఆ 200 ప్యాకెట్ల మీద మిగులు రు.6,000. రుసుము పోగా రు.1,800 లాభమని నివేదిక చూసినవారు సంతోషిస్తారు.

ప్రకటన ఆపి చూస్తే నెలకు 220 ప్యాకెట్లు అమ్ముడుపోయాయనుకుందాం. అనగా ప్రకటన వలన అదనంగా వచ్చినవి 80 మాత్రమే. మిగిలిన 120 మంది కిందికి జరిపి చూసుకొని అయినా ఆ సరుకే కొనేవారు. పై వరుసలో కనబడింది కనుక ప్రకటనను నొక్కారు, అంతే. 80 ప్యాకెట్ల మిగులు రు.2,400. దానికోసం ఇచ్చినది రు.4,200. నికరంగా నష్టం రు.1,800.

మరొక విధంగా సరిచూడవచ్చు. ప్రకటనతో నెల మిగులు రు.9,000లో రు.4,200 పోగా రు.4,800. ప్రకటన లేకుండా 220 ప్యాకెట్లకు మిగులు రు.6,600. తేడా అదే రు.1,800. నివేదిక లాభమన్న అంకె, చిట్టాలో నష్టమైంది.

సంస్థ అంకె తప్పు కాదు. ప్రకటనను నొక్కి కొన్నవారిని అది లెక్కపెడుతుంది. అమెజాన్‌లో ఈ రోజు నొక్కి 7 రోజుల లోపు కొన్నా అది ప్రకటన ఖాతాలోనే చేరుతుంది. నొక్కకపోయి ఉంటే కొనేవారా కాదా అన్నది ఆ నివేదిక చెప్పదు. అది వర్తకుడే తెలుసుకోవాలి.

పై ఉదాహరణలో 200 ప్రకటన బేరాలలో నిజంగా కొత్తవి 80, అనగా నూటికి 40. కాబట్టి ప్యాకెట్టుకు ఇవ్వగల రుసుముకు హద్దు రు.30లో 40 వంతులు, అంటే రు.12. శాతంలో 5.7. సూత్రం ఇది: ప్యాకెట్టు మిగులును ప్రకటన తెచ్చిన కొత్త బేరాల వంతుతో హెచ్చవేస్తే హద్దు తేలుతుంది.

ఈబే సొంత అనుభవం

పెద్ద సంస్థలకు కూడా ఈ అనుభవం ఎదురైంది. ఇతరుల నుంచి ప్రకటన రుసుము తీసుకునే ఈబే, గూగుల్ వంటి వెదుకుడు సంస్థలకు తానూ ప్రకటన రుసుము చెల్లించేది. 2012లో ఒక పరీక్షగా యాహూ, మైక్రోసాఫ్ట్‌లలో తన పేరు మీద వెదికేవారికి చూపే ప్రకటనలను ఆపివేసింది. ఆ దారిన రావలసిన క్లిక్కులలో 99.5 శాతం రుసుము లేని దారిన వచ్చాయి. థామస్ బ్లేక్, క్రిస్ నాస్కో, స్టీవెన్ టాడెలిస్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఈ ఫలితాలను 2015లో ఎకొనొమెట్రికా పత్రికలో ప్రకటించారు.

అదే పరిశోధనలో మరొక విషయం తేలింది. కొత్తవారిని, అరుదుగా కొనేవారిని ప్రకటన కొంత కదిలించింది. తరచు కొనేవారి మీద దాని ప్రభావం కనబడలేదు. రుసుములో ఎక్కువ భాగం ఖర్చయినది మాత్రం ఆ తరచు కొనేవారి మీదనే. పేరు తెలిసి వెదికేవారి కోసం రుసుము కట్టడం, వాడుక ఖాతాదారును దుకాణం గుమ్మంలో నిలబడి పిలవడం వంటిది. మన బ్రాండు పేరుతో వెదికేవారికి ఇచ్చే ప్రకటననే మొదట పరీక్షకు పెట్టాలి.

ఆపి చూడడం ఎట్లా?

ఒకే తీరుగా అమ్ముడుపోయే రెండు సరుకులను ఎంచుకోవాలి. ఒకదానికి ప్రకటన ఆపి, రెండవదానికి కొనసాగించాలి. కనీసం నాలుగు వారాలు చూడాలి. ప్రకటన వలన పెరిగిన అమ్మకాలు మామూలు వరుసలో కూడా సరుకును పైకి తెచ్చి ఉండవచ్చు. ఆ స్థానం ఆపిన రోజునే పడిపోదు. కనుక చివరి రెండు వారాల అంకెలకు ఎక్కువ విలువ ఇవ్వాలి. తరువాత రెండు సరుకులను తారుమారు చేసి మరోసారి చూడాలి.

దసరా, దీపావళి తగ్గింపు అమ్మకాల రోజులలో ఈ పరీక్ష చేయరాదు. మిర్చి పొడి వర్తకులయితే ఆవకాయ పెట్టే రోజులను కూడా విడిచిపెట్టాలి. ఆ రోజులలో గిరాకీయే వేరు. పరీక్ష జరిగినంత కాలం ధర మార్చరాదు, నిల్వ అయిపోనీయరాదు.

క్లిక్కు రేటు

క్లిక్కు రుసుముకు కూడా సూత్రం అదే. నూరు క్లిక్కులకు 8 ప్యాకెట్లు అమ్ముడుపోతే ఒక క్లిక్కు విలువ రు.30లో 8 వంతులు, అనగా రు.2.40. ప్రకటన బేరాలన్నీ కొత్తవే అయితే హద్దు అది. వాటిలో 40 శాతమే కొత్తవయితే హద్దు 96 పైసలకు దిగుతుంది.

సగటు రేటు చూసి తృప్తిపడరాదు. బేరాలన్నీ కొత్తవే అనుకుందాం. క్లిక్కుకు రు.1.50 పడినపుడు 800 క్లిక్కులు వచ్చాయి. 64 ప్యాకెట్లు, మిగులు రు.1,920, ఖర్చు రు.1,200, నికరం రు.720. పాట పెంచగా క్లిక్కు రు.2కు పడి 1,000 క్లిక్కులు వచ్చాయి. 80 ప్యాకెట్లు, మిగులు రు.2,400, ఖర్చు రు.2,000, నికరం రు.400. అమ్మకం పెరిగింది, నికరం రు.320 తగ్గింది. కారణం, పెరిగిన 200 క్లిక్కులకు పడిన అదనపు ఖర్చు రు.800. అంటే ఒక్కొక్కటి రు.4. రు.2 సగటు రేటు రు.2.40 హద్దు లోపలనే ఉన్నా, పైన వచ్చిన ప్రతి క్లిక్కూ నష్టానికి కొన్నదే. పాట పెంచిన ప్రతిసారీ అదనపు ఖర్చును అదనపు బేరాలతో పోల్చుకోవాలి.

అమెజాన్‌లో పాటను పైకీ కిందికీ మార్చే అధికారం సంస్థకే ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని ఒప్పుకుంటే మొదటి పేజీ పై వరుస కోసం పాట రెట్టింపు వరకు పెరగవచ్చు. రు.2 అని రాసినవారు రు.4 వరకు సిద్ధపడినట్లే. హద్దు ఖచ్చితంగా పాటించదలచినవారు స్థిర పాటను గాని, కిందికి మాత్రమే మారే పాటను గాని ఎంచుకోవడం మేలు.

యార్డు ధరతో రేటు మారాలి

సరుకు వర్తకులు తరచు మరచిపోతున్న విషయం ఇది. ప్రకటన రేటు ఒకసారి పెట్టి వదిలేస్తారు. మిర్చి ధర మాత్రం నిలకడగా ఉండదు. 2025 ఫిబ్రవరిలో ధరలు బాగా పడిపోగా, ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రు.11,781 ధర ప్రకటించవలసి వచ్చింది. అటువంటి అగ్గువ రోజులలో మిగులు చూసి పెట్టిన ప్రకటన రేటు, ధర కోలుకున్న తరువాత చెల్లదు.

క్వింటాలుకు రు.2,000 పెరిగితే అర కిలోకు రు.10 పెరిగినట్లు. తొడిమ, తరుగు కలిపితే ఇంకా కొంచెం ఎక్కువే. అమ్మకం ధర మార్చకపోతే రు.30 మిగులు రు.20కి దిగుతుంది. శాతం హద్దు 5.7 నుంచి 3.8కి, 40 శాతం కొత్త బేరాల మీద క్లిక్కు హద్దు 96 పైసల నుంచి 64 పైసలకు పడిపోతాయి. కొత్త సరుకు కొన్న ప్రతిసారీ ప్రకటన రేటు తిరిగి కట్టడం అవసరం. నిల్వ తక్కువగా ఉండి మామూలు గిరాకీకే చాలనపుడు ప్రకటన పూర్తిగా ఆపివేయవచ్చు.

హద్దు దాటదగిన సందర్భాలు

కొత్తగా పెట్టిన సరుకును అడుగున ఎవరూ చూడరు. దాని ప్రకటన బేరాలు దాదాపు అన్నీ కొత్తవే. అభిప్రాయాలు రాసేవారు ఏర్పడేవరకు కొంత నష్టానికయినా ప్రకటన ఇవ్వవచ్చు. అయితే దానిని పెట్టుబడిగా భావించి, ఇన్ని రోజులు, ఇన్ని రూపాయలు అని ముందే రాసుకోవాలి. గడువు ముగిసిన నాడు మామూలు హద్దుకు రావాలి.

మళ్లీ మళ్లీ కొనే సరుకుకు కూడా కొంత వెసులుబాటు ఉన్నది. నలుగురు కొత్తవారిలో ఒకరు ప్రకటన లేకుండా ఇంకొకసారి కొంటే సగటు మిగులు రు.30 నుంచి రు.37.50 అవుతుంది. కాని ఆన్‌లైన్ ఖాతాదారు మన దుకాణం ఖాతాదారు వంటివాడు కాదు. మరోసారి వెదికినపుడు అతనికి ముందుగా కనబడేది పోటీవారి ప్రకటన కావచ్చు. తిరిగి వచ్చినవారి అంకె చేతిలో ఉంటేనే ఈ వెసులుబాటు తీసుకోవాలి.

ఆవర్జాలో ప్రతి సరుకుకు నాలుగు అంకెలు నెలనెలా రాసుకుంటే చాలును. ప్యాకెట్టు మిగులు ఒకటి, నూరు క్లిక్కులకు బేరాలు రెండు, ప్రకటన బేరాలలో నిజంగా కొత్తవాటి వంతు మూడు, చివరిసారి పాట పెంచినపుడు అదనపు క్లిక్కుకు పడిన ఖర్చు నాలుగు. మొదటి మూడింటిని హెచ్చవేస్తే క్లిక్కుకు హద్దు తేలుతుంది. నాలుగవది ఆ హద్దును మించిన రోజున, పోటీవారు ఎంత పాడుతున్నా, పాట తగ్గించడమే లాభసాటి.