మాటకూ ఒక చదువుంది

మాట్లాడటం అందరికీ వచ్చు. మరి దానికి చదువెందుకు?

మీటింగులో లేచి నిలబడితే గొంతు పెగలదు గదా! మన ఊరి నీళ్ల గోడు పేపరుకెక్కదు. ఆ గోడు నలుగురికీ చేర్చడం నేర్పే చదువు ఇది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో జర్నలిజం శాఖ వచ్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ శాఖ ఉంది. వార్త రాయడం, మైకు పట్టడం, కెమెరా తిప్పడం నేర్పుతారు. ఎదుటి మనిషి చెప్పేది ఓపిగ్గా వినాలి. అదే కష్టం.

ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో మాచునూరు ఉంది. 2008లో అక్కడ సంఘం రేడియో మొదలైంది. మైకు పట్టింది దళిత ఆడవాళ్లే. విత్తనాల ముచ్చట్లు, పాటలు అన్నీ వాళ్ల యాసలోనే.

ఇలాంటి ఊరి రేడియోల కోసం 2011లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో యునెస్కో పీఠం పెట్టారు. అక్కడ చదివే పిల్లలకు ఊరి రేడియో కూడా ఒక పాఠమే.