సొహార్ గుమ్మంలో అడిగిన ప్రశ్న

నిజ్వా, ఒమాన్,
శుక్రవారం మధ్యాహ్నం

బిడ్డా,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ రెండుసార్లు చదివాను. హాస్టల్లో అన్నం దగ్గర మొదలైన మాట పెరిగి పెద్దదై, నువ్వూ నీ ముస్లిం స్నేహితురాలూ మూడు రోజులుగా పలకరించుకోవడం లేదని రాశావు. ముహమ్మద్ నిజంగా దేవుడు పంపిన ప్రవక్తేనా, కాదా, ఇరవై రెండేళ్లుగా ముస్లింల మధ్యనే ఉన్నావు కదా పెద్దబాపూ, ఒక్క మాటలో చెప్పు అని అడిగావు.

ఒక్క మాటలో చెప్పలేను. అలాగని తప్పించుకోను. పొద్దున మేకల సంత ముగిసింది, నమాజు కూడా అయిపోయింది, దుకాణాల షట్టర్లు దించేసి ఉన్నాయి. సాయంత్రం నాలుగింటి దాకా నాకు పని లేదు. ఇక్కడికి వచ్చి స్పేర్ పార్ట్స్ దుకాణంలో లెక్కలు రాసేవాణ్ని అయ్యాను గానీ, అంతకుముందు జూనియర్ కాలేజీలో ఎనిమిదేళ్లు చరిత్ర చెప్పినవాణ్ని. ఆ అలవాటు కొద్దీ రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు నా తప్పు చెప్పాలి. వచ్చిన కొత్తలో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్లం. అందులో ఒకాయన మెట్‌పల్లి వైపు ముస్లిం, నా ఈడువాడే, నాకంటే చక్కని తెలుగు మాట్లాడేవాడు. ఒక రాత్రి ఇదే మాట వచ్చింది. ఎక్కడో చదివిన నాలుగు ముక్కలు పట్టుకుని, ముహమ్మద్ ప్రవక్త ఎందుకు కాడో వరుసగా చెప్పుకుపోయాను. అతను ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మరునాటి నుంచి స్టవ్ మీద రెండు కుక్కర్లు ఎక్కాయి. అప్పటిదాకా ఒకే గిన్నెలో అన్నం వండుకున్నవాళ్లం, పదకొండు రోజులు వేరువేరుగా తిన్నాం. పన్నెండో రోజు అతనే అన్నాడు: "నువ్వు నన్ను ఒక్క మాట గూడ అడగలే భాయ్. అన్నీ నువ్వే చెప్పినవ్." ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నువ్వు రాసింది చదువుతుంటే ఆ రెండు కుక్కర్లే కళ్ల ముందు కనిపించాయి.

ఈ ప్రశ్నను సరిగ్గా అడిగినవాళ్లు ఈ దేశంలోనే ఉన్నారు. వాళ్ల కథ ఇక్కడి పిల్లలకు చిన్నప్పటి నుంచే తెలుసు. సుమారు 630లో, హిజ్రీ లెక్కన ఎనిమిదో ఏట, మదీనా నుంచి అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ అనే దూత ముహమ్మద్ పంపిన ఉత్తరం తీసుకుని ఒమాన్‌లోని సొహార్‌కు వచ్చాడు. అప్పుడు ఇక్కడి పాలకులు జులందా కొడుకులు ఇద్దరు, జైఫర్, అబ్ద్. అన్న జైఫర్ రాజు, తమ్ముడు అబ్ద్ నెమ్మదస్తుడు. అమ్ర్ ముందుగా తమ్ముణ్నే కలిశాడు.

అబ్ద్ వేసిన ప్రశ్నలు చూడు. నీ తండ్రి మీ వాళ్లలో పెద్దమనిషి కదా, ఆయన ఏం చేశాడు? అమ్ర్ దాచలేదు. మా నాయన నమ్మకుండానే చనిపోయాడు, నమ్మి ఉంటే బాగుండేదని నా కోరిక, నేనూ చాలాకాలం ఆయన దారిలోనే ఉన్నాను అన్నాడు. మరి నువ్వెప్పుడు మారావు? ఈ మధ్యనే. ఎక్కడ? హబషా, అంటే ఇథియోపియా, రాజు నజాషీ దగ్గర ఉన్నప్పుడు. ఆ రాజు మారితే ప్రజలు ఏమన్నారు? సరే, మీ ప్రవక్త ఏం చేయమంటాడు, ఏం వద్దంటాడు? దేవుణ్ని ఒక్కణ్నే కొలవమంటాడు, బంధువులను ఆదుకోమంటాడు, అన్యాయం, వ్యభిచారం, తాగుడు, రాళ్లనూ విగ్రహాలనూ శిలువనూ పూజించడం వద్దంటాడు అని జవాబు. నాకు వీటన్నిటిలో మొదటి ప్రశ్నే గొప్పదనిపిస్తుంది. ఎదుటివాడి తండ్రి గురించి, అతని గుండెలో నొప్పి ఉన్నచోట అడిగాడు. అడిగి, చెప్పింది విన్నాడు.

అన్న అంత సులువుగా ఒప్పుకోలేదు. దూతను కొన్నాళ్లు గుమ్మంలో నిలబెట్టాడు. ఉత్తరం చదివి తమ్ముడి చేతికిచ్చాడు. ముహమ్మద్ సొంత తెగ ఖురైషులు ఏం చేశారని అడిగాడు. ఇవాళ్టికి వదిలెయ్, రేపు రా అన్నాడు. మర్నాడు కాదన్నాడు. చేతిలో ఉన్న రాజ్యం ఇంకొకరికి అప్పజెబితే అరబ్బుల్లో నాకంటే బలహీనుడు ఉండడు అన్నాడు. రాత్రి అన్నదమ్ములు ఇద్దరే మాట్లాడుకున్నారు. తెల్లారాక ఒప్పుకున్నారు.

చరిత్ర చదివే పిల్లవు గనుక ఇంకో సంగతి కూడా నీకు చెప్పాలి. ఆ ఉత్తరంలో పిలుపుతో పాటు హెచ్చరిక కూడా ఉందని ఆ కథ చెప్పినవాళ్లే రాశారు. కాదంటే మీ రాజ్యం మీది కాదు, గుర్రాలు మీ ముంగిట్లోకి వస్తాయి అని. పైగా తీరంలో పారశీకుల బలగం ఉంది, వాళ్లను వదిలించుకోవాలని ఇక్కడివాళ్లకూ ఉంది. కనుక ఆ రాత్రి అన్నదమ్ములు మాట్లాడుకున్నది దేవుడి గురించి మాత్రమే అయి ఉండదు. ఈ కథ మనకు అందింది ఇబ్న్ సాద్ లాంటి గ్రంథకర్తల ద్వారా. ఆయన చనిపోయింది 845లో. అంటే జరిగినదానికీ మన చేతికొచ్చిన రాతకూ మధ్య రెండు వందల ఏళ్ల నోటిమాట ఉంది. దీన్ని పట్టుకుని కథ అబద్ధం అనకు, పూర్తిగా నిజం అనీ అనకు. ఎవరు, ఎప్పుడు, ఎవరి దగ్గర విని రాశారో పక్కన రాసుకో. ముస్లిం పండితులే ప్రవక్త మాటలుగా చెప్పుకునే హదీసుల విషయంలో ఈ పని ఎంత పట్టుదలగా చేశారో చదివితే ఆశ్చర్యపోతావు. నిజ్వా పక్కనున్న ఫర్క్ ఊళ్లో పుట్టి బస్రాలో పెద్ద పండితుడైన జాబిర్ ఇబ్న్ జైద్ ఆ పనిలో తొలితరం వాడు. ఒమాన్‌లో చాలామంది పాటించే ఇబాదీ సంప్రదాయం ఆయన్ను తన మూలపురుషుడిగా చెప్పుకుంటుంది.

ఇప్పుడు మాట అర్థం దగ్గరికి వద్దాం. మన తెలుగులో ప్రవక్త అనగానే సగంమందికి జోస్యం చెప్పేవాడు గుర్తొస్తాడు. మన మనసులో పోతులూరి వీరబ్రహ్మం గారు ఉంటారు, కాలజ్ఞానం ఉంటుంది. లేకపోతే అవతారం గుర్తొస్తుంది. అరబీలో నబీ, రసూల్ అనే మాటలు వేరే దారి. రసూల్ అంటే పంపబడినవాడు. ఇక్కడి ఏ ముస్లింను అడిగినా ఆయన మనిషే, పుట్టి చనిపోయినవాడే, పూజ ఆయనకు కాదు అంటాడు. మనం అవతారానికి పెట్టే కొలతలు పెట్టి ఆయన నెగ్గాడా ఓడాడా అని చూడటం మొదటి పొరపాటు. నీ మెసేజ్‌లో ఉన్న ఏడు అభ్యంతరాల్లో మూడు ఈ పొరపాటు మీదనే నిలబడ్డాయి, మళ్లీ చూసుకో.

రెండో సంగతి. నీ స్నేహితురాలి మతంలోకి వెళ్లే గడప మాటనే వాళ్లు షహాదా అంటారు, అంటే సాక్ష్యం. రోజుకు ఐదుసార్లు ఈ ఊరి మీద వినిపించే పిలుపులోనూ ముహమ్మద్ దేవుడు పంపినవాడు అని సాక్ష్యమిస్తున్నాను అనే మాట వస్తుంది. సాక్ష్యం చెప్పేవాడు తన పేరు, పరువు అందులో పెట్టి చెబుతాడు. ముహమ్మద్ ఎవరితో యుద్ధం చేశారు, ఎవరితో ఒప్పందం చేసుకున్నారు, ఇవి పత్రాలు తేల్చగలిగిన విషయాలు. ఆయన తనకు పిలుపు వచ్చిందని మనసారా నమ్మారా అన్నది కూడా చరిత్రకారుడు చాలావరకు చెప్పగలడు. నా మట్టుకు నమ్మారనే అనుకుంటాను. మక్కాలో అన్నేళ్లు అవమానాలు పడ్డ మనిషిని మోసగాడంటే నా బుద్ధి ఒప్పుకోదు. ఆ పిలుపు నిజంగా దేవుడి దగ్గరి నుంచే వచ్చిందా అన్న దగ్గర మాత్రం పత్రాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి సాక్ష్యమే. నేను ముస్లింను కాను, ఆ సాక్ష్యం నా నోటితో చెప్పలేదు. అందుకు ఈ ఊళ్లో నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు.

ఈ ప్రశ్న మీద వాదం మొదటి నుంచీ ఉంది. ముహమ్మద్ 632లో చనిపోయాక కొద్ది ఏళ్లకే గ్రీకు భాషలో ఒక క్రైస్తవ గ్రంథం వచ్చింది. అందులో ఒక యూదుడు, అరబ్బుల్లో ప్రవక్త వచ్చాడట, నిజమేనా అని ఒక ముసలి పండితుణ్ని అడుగుతాడు. ప్రవక్తలు కత్తి పట్టుకుని వస్తారా, అబద్ధం అంటాడు ముసలాయన. అంత పాత ప్రశ్నకు అంత పాత కోపం. దానికి నూట యాభై ఏళ్ల తర్వాత, సుమారు 781లో, బాగ్దాద్‌లో ఇంకో రకం మాట వినిపించింది. ఖలీఫా అల్ మహ్దీ తన ఎదుట కూర్చున్న క్రైస్తవ మతగురువు మొదటి తిమోతిని సూటిగా అడిగాడు, ముహమ్మద్ గురించి నువ్వేమంటావ్ అని. తిమోతి స్థితి ఆలోచించు. కాదంటే తన జనానికి ముప్పు, ఔనంటే తన మతానికి ద్రోహం. ఆయన ప్రవక్తల దారిలో నడిచాడు అన్నాడు తిమోతి. జనాన్ని విగ్రహాల నుంచి ఒక్క దేవుడి వైపు తిప్పాడు, చెడు వద్దన్నాడు, మంచి చేయమన్నాడు, ఆ పని ప్రవక్తల పనే అని వివరించాడు. తన గ్రంథం ముందే చెప్పిన ప్రవక్త ఈయనే అని మాత్రం ఒప్పుకోలేదు. ఈ సంభాషణను రాసిపెట్టింది తిమోతే గనుక మనం వింటున్నది ఒక పక్క గొంతే, అది మరవకు. అయినా గౌరవమూ తగ్గకుండా, అబద్ధమూ ఆడకుండా ఇంత ఇరుకులో మాట్లాడిన మనిషి నాకు ఇంకొకరు తెలియదు.

ఇక గెలుపు కోసం జరిగిన వాదం. 1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఆగ్రాలో జర్మన్ మిషనరీ ఫాండర్‌కూ, మౌలానా రహమతుల్లా కైరానవీకీ బహిరంగ చర్చ జరిగింది. ఐదు అంశాలు అనుకున్నారు. బైబిల్ చెల్లుబాటు ఆగిపోయిందా, అందులో మార్పులు చేరాయా, త్రిత్వం, ముహమ్మద్ ప్రవక్త అవునా కాదా వంటివి. మొదటి రెండింటి దగ్గరే రెండు రోజులూ గడిచిపోయాయి. ప్రవక్త ప్రశ్న దాకా వాళ్లు రానే లేదు. అయినా రెండు పక్షాలూ గెలిచామనే చెప్పుకున్నాయి.

ఆ రోజు ఫాండర్ పక్కన కూర్చున్న కుర్ర మిషనరీ పేరు థామస్ వాల్పీ ఫ్రెంచ్. తర్వాత లాహోర్ మొదటి బిషప్ అయ్యాడు, ఆ పదవి వదిలేసి 1891లో అరవై ఆరేళ్ల వయసులో, వాదించడానికి పక్కన ఎవరూ లేకుండా, మస్కట్ వచ్చాడు. మూడు నెలలు గడిచీ గడవకముందే మే 14న అక్కడే చనిపోయాడు. రెండు కొండల మధ్య చిన్న సముద్రపు పాయలో ఆయన సమాధి ఉంది. రహమతుల్లా 1857 తిరుగుబాటు తర్వాత దేశం వదిలి మక్కా చేరి, అక్కడ మదర్సా పెట్టి, అదే 1891లో అక్కడే కన్నుమూశాడు. ఆగ్రాలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకే ఏడాది అరబ్బు నేలలో కలిశారు. మస్కట్ వెళ్లినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొచ్చి మనసు బరువెక్కుతుంది. వాళ్లిద్దరి చదువు, పట్టుదల ముందు మనమెంత. అంతటివాళ్లకు ముప్పై ఏడేళ్లలో ఒక్కసారైనా, వాదం పక్కన పెట్టి, నువ్వు నమ్మినాయనలో నీకు ఏం కనిపించింది అని ఒకరినొకరు అడిగే సాయంత్రం దొరకలేదు.

యుద్ధాల గురించి, పెళ్లిళ్ల గురించి అడగకూడదా అంటావు. అడగవచ్చు. చదివి అడుగు, ఏ గ్రంథంలో ఏ తరం రాతలో ఉందో తెలుసుకుని అడుగు. చిలుకూరి నారాయణరావు గారు హిందువై ఉండి ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. ముందు పుస్తకం తెరిచి చూడు. ఆ కొలతే మన ఇంటి దగ్గరా పెట్టు. ఏ సంఘటన జరిగినా ఇది కాలజ్ఞానంలో ఉంది అని మనవాళ్లు అంటారు కదా, అది ఏ ప్రతిలో ఉంది, ఎప్పటి ప్రతి అని ఎవరైనా అడిగారా? ఆ వీరబ్రహ్మం గారికి ముఖ్య శిష్యుడు దూదేకుల సిద్ధయ్య అన్న సంగతి కూడా నీ స్నేహితురాలితో చెప్పు. మీ తాత ప్రతి ఏడూ పీర్ల పండుగకు అలావా గుండం చుట్టూ తిరిగి ఆడేవాడు. ప్రవక్త నిజమా కాదా అని ఆయన ఏనాడూ అడగలేదు, నాకు ఆ అమాయకత్వం చాలదు. నువ్వు అడుగుతున్నందుకు సంతోషమే. ఇక్కడ మతాలను కించపరచడం చట్టరీత్యా నేరం, కానీ నేను జాగ్రత్తగా మాట్లాడటం నేర్చుకున్నది ఆ భయంతో కాదు, రెండు కుక్కర్ల వల్ల.

అన్నట్టు, ఆ మెట్‌పల్లి మిత్రుణ్ని చివరికి నేను అడిగాను. దానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఒక రాత్రి ఫలజ్ కాలువ గట్టు మీద కూర్చున్నాం, కాళ్లు నీళ్లలో ఉన్నాయి. నీకు ఆయన మీద నమ్మకం ఎట్లా కుదిరింది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, తను కడుపులో ఉండగానే తండ్రి పోయాడట, ఆరేడేళ్లప్పుడు అమ్మ పోయిందట, చిన్నాయన పెంచాడట. "మక్తబ్‌ల మా ఉస్తాద్ ప్రవక్త బతుకు చెప్పిండు. ఆయనకు గూడ పుట్టకముందే నాయన లేడు, ఆరేండ్లకు అమ్మ పోయింది, పెద్దనాయన సాకిండు. గా దినం నాకు ఒక తోడు దొరికినట్టయింది. గప్పటి సంది ఇడువలే." నేను రాసుకున్న నాలుగు ముక్కల్లో ఏదీ ఆ మాట దగ్గరికి కూడా రాదు.

వచ్చే నెల మన పక్క ఊరి పిల్లవాడు సెలవు మీద వస్తున్నాడు. అతనితో రెండు డబ్బాలు హల్వా పంపుతున్నాను, ఇక్కడిది, కుంకుమపువ్వు వేసినది. ఒకటి నీకు, ఒకటి నీ స్నేహితురాలికి. ఇచ్చేటప్పుడు, వాళ్ల నాన్న దగ్గర ప్రవక్త గురించి తను మొదట ఎప్పుడు విన్నదో అడుగు.

మీ పెద్దబాపు