ఉపాధి పని – పర్యావరణ పరిరక్షణ

ఉద్యోగాలు కావాలంటే ఫ్యాక్టరీలు రావాలి, ఫ్యాక్టరీలు వస్తే చెట్లూ చెరువులూ పోక తప్పదు అని చాలామంది అంటుంటారు. పోటీ పరీక్షల వ్యాసాల్లో మనమూ అలాగే రాస్తుంటాం. కానీ ఉపాధినీ పర్యావరణాన్నీ కలిపిన చట్టం ఒకటి మన ఇళ్ళకు బాగా పరిచయమైనదే. మన అమ్మానాన్నలు 'కరువు పని', 'వంద రోజుల పని' అని పిలుచుకున్నది దాన్నే.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం ప్రారంభమైంది. మొదట 200 జిల్లాల్లో, 2008 ఏప్రిల్ నుండి గ్రామీణ జిల్లాలన్నింటిలో అమలైంది. వంద రోజుల మాట అందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఏ పని చేయాలో కూడా చట్టం షెడ్యూలులోనే ఉందని కొద్దిమందికే తెలుసు. అందులో మొదటిది నీటి సంరక్షణ. తర్వాత కరువు నివారణ, మొక్కల పెంపకం, చెరువుల పూడికతీత వగైరా. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల భూములకు నీటి వసతి కల్పించడం కూడా ఆ జాబితాలో చేర్చారు. కాంట్రాక్టర్లను నిషేధించారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. 2 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉన్న కందకం తవ్వితే అర ఘనపు మీటరు, అంటే 500 లీటర్లు. గుట్ట వాలులో అలాంటివి వెయ్యి ఉంటే ఒక్కసారి నిండితే 5 లక్షల లీటర్లు. అది భూమిలోకి ఇంకి కింది పొలాల బావులకు చేరుతుంది. అయితే కందకం వాలుకు అడ్డంగా ఉండాలి. వాలు వెంట తవ్వితే నీరు ఆగదు సరికదా, మట్టిని కూడా కొట్టుకుపోతుంది. రెండింటికీ కూలి మాత్రం ఒక్కటే! ఎందుకంటే కొలిచేది తవ్విన మట్టిని, ఆగిన నీటిని కాదు. అసలు లోపం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. ఎండలో పలుగు పట్టిన కూలీది మాత్రం ఇందులో తప్పు లేదు, పని చోటు నిర్ణయించినవారిదే బాధ్యత.

మొక్కల సంగతీ అంతే. నాటడం ఒక పూట పని. రెండు మూడు వేసవులు నీళ్ళు పోసి కాపాడితేనే అది చెట్టవుతుంది. ఆ నీళ్ళు పోసే పనికీ కూలి లెక్కగట్టాలి.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పని 125 రోజులన్నారు, నీటి భద్రత పనులకు పెద్దపీట వేశారు. విత్తనాలు, కోతల కాలంలో 60 రోజుల వరకు పని ఆపవచ్చన్నారు. మొక్కలు నాటే అదునూ ఆ విత్తనాల కాలమే! రాష్ట్రాలు ఆ రోజులను ప్రకటించేటప్పుడు ఈ విషయం చూసుకోవాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు గ్రామసభ జరిగితే మన వాళ్ళతో పాటు మనమూ వెళ్దాం. ఏ గుట్ట మీద, ఏ వాలులో, ఎవరి పొలానికి నీరు చేరేలా పని పెడుతున్నారని అడుగుదాం.