ఆకాశములో ఆపద, ఓడలో తుపాను
(పాఠభాగము: అపొస్తలుల కార్యములు 27)

మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో విమానమును తల పైకెత్తి చూచినవారమే గాని ఎక్కినవారము కొద్దిమందిమి. అయినను వాగు పొంగినప్పుడు బండి తోలువానికిని, ఆకాశములో యంత్రము చెడినప్పుడు విమానము నడుపువానికిని కలుగు భయము ఒక్కటే గదా!

2020 అక్టోబరు 12న వాయుసేన అధికారి వరుణ్ సింగ్ తేజస్ యుద్ధవిమానమును పరీక్షగా నడుపుచుండెను. మిక్కిలి ఎత్తున, అతడు కూర్చున్న గదిలో గాలి ఒత్తిడి తగ్గిపోయెను. సంగతి గ్రహించి వెంటనే క్రిందికి దిగసాగెను. అంతలో విమానమును అదుపుచేయు సాధనములే చెడి, అది ఎగిరెగిరి పడసాగెను. కష్టముమీద స్వాధీనము చేసికొనెను. సుమారు 10,000 అడుగుల ఎత్తున అది మరల చేయిదాటెను. విమానమును విడిచి పారాచ్యూటుతో దిగినను అతనిని ఎవరును తప్పుపట్టరు. అతడు విడువలేదు, క్షేమముగా దింపెను. 2021లో శౌర్యచక్రము పొందెను. తాను సామాన్యమైన విద్యార్థినేయని అతడు తన పాత పాఠశాలకు జాబు వ్రాసెను. ఆ డిసెంబరులోనే కూనూరు హెలికాప్టరు ప్రమాదములో గాయపడి మరణించెను.

అట్టి నిబ్బరము ఎక్కడనుండి వచ్చును? భయము లేకపోవుటవలన కాదు. హఠాత్తుగా ఆపద వచ్చినప్పుడు మనస్సు ఇరుకై ఒక్కదానినే పట్టుకొనును. అందుకే విమానము నడుపువారికి ఈ వరుస నేర్పుదురు: ముందు విమానమును ఎగురనిమ్ము, పిమ్మట దారి చూడుము, ఆ తరువాతనే మాటలాడుము. మాటిమాటికి సాధన చేసినది చేతులు భయములోను మరువవు.

1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండు యొద్ద ఒక కెప్టెను చక్రముల చిక్కులోనే మునిగి, ఇంధనము తరుగుట పట్టించుకొనలేదు. అతడు మిక్కిలి అనుభవశాలి. తోడివారు చెప్పిరి గాని గట్టిగా చెప్పలేదు. విమానము కూలి 10 మంది చనిపోయిరి. అటుపిమ్మట పెద్దవాడు వినుటను, చిన్నవాడు ధైర్యముగా చెప్పుటను విమాన సిబ్బందికి పాఠముగా నేర్పసాగిరి. (మన సంఘ పెద్దల కూటములలో ఇది మరింత కష్టమైన పాఠమని నా తలంపు.)

పౌలు ఎక్కిన ఓడలోను ఇదే జరిగెను. శతాధిపతి మొదట నావికుని, ఓడ యజమానుని మాటలే నమ్మి, ఖైదీయైన పౌలు మాట త్రోసివేసెను. తుపానులో ఓడవారు రహస్యముగా పడవ దింపి పారిపోజూచినప్పుడు పౌలు హెచ్చరింపగా, ఈసారి సైనికులు పడవ త్రాళ్లు కోసివేసిరి. తెల్లవారుచుండగా, పదునాలుగు దినములు సరిగా తినని ఆ 276 మందిని ఆహారము తీసికొనుడని అతడు బతిమాలెను. తాను ముందు రొట్టె విరిచి తినెను. వారును తిని, లేచి, గోధుమలను సముద్రములో పారబోసి ఓడను తేలిక చేసిరి.